దుబాసమ్మ నోటి సామెత

పార్లమెంటు క్యాంటీనులో అందరూ ఆమెను దుబాసమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది ఆమెతో జోడీగా పనిచేసే మాస్టారు. "అనువాదకురాలు గారూ అని పిలిచేలోగా టీ చల్లారిపోతోంది. దుబాసమ్మ అంటే పోలా?" అన్నాడాయన ఒకరోజు. అంతే, పేరు అతుక్కుపోయింది.

వాళ్ళు కూర్చునేది సభకు పైన, గోడలో తొలిచిన గూడులాంటి అద్దాల గదిలో. రెండు కుర్చీలు, రెండు మైకులు, దగ్గు వచ్చినప్పుడు మైకు ఆపుకోవడానికి ఒక ఎర్ర మీట. కింద సభ్యులు సభాభాషలో మాట్లాడుతుంటే, మాట చెవిలో పడుతూండగానే దాన్ని తమ భాషలో చెప్పెయ్యాలి. సభాభాష రాని సభ్యులు హెడ్‌ఫోన్లలో వాళ్ళ మాటే వింటారు. టీవీలోనూ అదే గొంతు వెళుతుంది. అరగంట ఆమె, అరగంట మాస్టారు. "ఆయన అంటున్నారు" అనకూడదన్నది ఆ గదిలో మొదటి నియమం. "నేను" అనాలి. మంత్రి "నేను రాజీనామా చెయ్యను" అంటే ఆమే "నేను రాజీనామా చెయ్యను" అనాలి. లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త కొత్తలో దీని మీద తెగ ఎగతాళి చేసేవాడు. "పొద్దున మంత్రివి, మధ్యాహ్నం ప్రతిపక్షానివి. సాయంత్రం ఇంటికొచ్చేది ఎవరో ముందే చెప్పు తల్లీ, దాన్నిబట్టి వంట చేస్తా" అనేవాడు.

ఈ విద్య ఆమెకు ఇంట్లోనే అబ్బింది. అమ్మది ఒక భాష, నాన్నది ఇంకొకటి. ఇద్దరూ ఉప్పూ నిప్పూ. ఒకసారి మాటలు ఆగాయంటే వారాల తరబడి మొహమొహాలు చూసుకునేవారు కారు. మధ్యలో అడకత్తెరలో పోకచెక్కలా ఆమె. "ఆ మొండిఘటంతో చెప్పు, తిండి తగలెయ్యమని" అని అమ్మ వంటింట్లో అంటే, అది వసారాలోకి వెళ్ళేసరికి "నాన్నా, భోజనానికి రమ్మంటోంది అమ్మ" అయ్యేది. ముల్లు తీసేసి మాట మిగిల్చేది. పెద్దయ్యాక శిక్షణలో ఆ అలవాటు మాన్పించారు. "వాళ్ళు కోపంగా అంటే నువ్వూ కోపంగానే అనాలి. మెత్తబరిస్తే అది అబద్ధం" అన్నారు. ఆమె బుద్ధిగా నేర్చుకుంది. ఎంతగా నేర్చుకుందంటే, కింద సభ్యుడు చప్పగా అన్న మాటకు కూడా ఆమె నోట్లో పడేసరికి ఉప్పూకారం అంటుకునేది. పత్రికలవాళ్ళు సైతం మాస్టారి అరగంటలో టీకి వెళ్ళి, ఆమె అరగంటకు తిరిగి వచ్చేవారు.

ఆమెకు ఒక్కడే కొడుకు. పదహారు దాటింది. బడి ఎగ్గొట్టి తనకంటే పెద్దవాళ్ళయిన ఇద్దరితో తిరగడం మరిగాడు. ఒక సాయంత్రం ఆ ఇద్దరూ ఒక ముసలావిడ చేతిసంచి పట్టుకుని లాగారు. ఆవిడ మెట్ల మీద నుంచి దొర్లి, ఆసుపత్రిలో ప్రాణం వదిలింది. వీధి మూల స్కూటరు ఇంజను ఆపకుండా సిద్ధంగా ఉంచినవాడు ఆమె కొడుకు. ముగ్గురి మీదా ఒకే కేసు పెట్టారు. ఆమె ఒకరోజు ఆ ముసలావిడ ఇంటికని బయలుదేరి, వీధి చివరి దాకా వెళ్ళి, ఏమని చెప్పాలో తోచక తిరిగి వచ్చేసింది. ఎన్ని భాషలొస్తే ఏం లాభం?

లాయరు విషయం దాచలేదు. "ఇప్పుడున్న చట్టం ప్రకారం మీవాడు పిల్లల కోర్టుకు వెళ్తాడమ్మా. కొన్నాళ్ళు బాలల గృహంలో ఉంచి, చదువు చెప్పించి వదిలేస్తారు. కొత్త బిల్లు వస్తే పదహారు దాటినవాళ్ళు పెద్దల కోర్టుకే. అయినా అది మనకు తగలదు, మనది పాత కేసు. కానీ అందులో నాలుగో క్లాజు ఒకటుంది. విచారణలో ఉన్న కేసులకూ ఇది వర్తిస్తుందని. అది గనక నెగ్గిందా, పెద్దల జైలే. ఎన్నేళ్ళన్నది నన్నడక్కండి."

ఆ క్లాజు మీద చర్చ రోజున మాస్టారు అద్దాల గది తలుపు దగ్గరే ఆమెను ఆపాడు. ఆఫీసులో సంగతి తెలిసినవాడు ఆయనొక్కడే.

"ఇవాళంతా నేను లాగిస్తాలే. నువ్వు ఇంటికెళ్ళు."

"ఎందుకెళ్ళావని పైవాళ్ళు అడిగితే ఏం చెప్పను మాస్టారూ?"

"జ్వరమని చెబుతా."

"రేపు కూడా చర్చ ఉంటే? రేపూ జ్వరమేనా? వంతు ప్రకారమే కానిద్దాం."

వంతు ఆమె కొంప ముంచింది. క్లాజు వద్దన్న సభ్యురాలు మాస్టారి అరగంటలో లేచింది. చిన్న వయసు, గట్టి గొంతు. శిక్ష పెంచితే నేరం తగ్గిందని ఒక్క దాఖలా చూపించమని నిలదీసింది. ఉరిమితే దొంగ పారిపోడు, పదహారేళ్ళవాడు చట్టం చదివి స్కూటరెక్కడు అంది. ఆ మాటలు మాస్టారి నోట నిద్రమత్తులో ఊరి పేర్లు చదివినట్టు వెళ్ళిపోయాయి. కింద వెనక వరసల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఇద్దరు ఆవులించడం ఆమెకు కనిపించింది. గొంతు పెంచమని మాస్టారి మోచేయి తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

క్లాజు కావాలన్న సభ్యుడు లేచేసరికి ఆమె అరగంట మొదలైంది.

"నాకు ఇద్దరు మనవలున్నారు" అన్నాడాయన. "నాకు ఇద్దరు మనవలున్నారు" అంది ఆమె. "మెట్ల మీద పడి చనిపోయిన ఆ తల్లి ఫొటో నేను పేపర్లో చూశాను. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు." ఆ ఫొటో ఆమె కూడా చూసింది. గొంతులో వణుకు దానంతటదే వచ్చింది, సరిగ్గా అక్కడ ఉండవలసిన వణుకే. "నేను అడుగుతున్నాను, ఈ కుర్రాళ్ళ తల్లులు ఏం చేస్తున్నారు? ఎక్కడ ఉన్నారు?" అక్షరం తప్పకుండా అడిగింది. మాస్టారు ఎర్ర మీట మీద వేలు పెట్టి ఆమె వంక చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

తర్వాత ఆయన ఏదో పోలిక మొదలుపెట్టి దారి తప్పాడు. లేత కొమ్మ అన్నాడు, వంకర అన్నాడు, తర్వాత సరిచెయ్యడం, అదీ, కష్టం కదా అని నసిగాడు. అటువంటి చోట ఆగకూడదు. వెతుక్కోకూడదు. ఆమె నోరు ఆమె కంటే ముందు పరిగెత్తింది.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

వెనక వరసల్లో బల్లలు మోగాయి. తనకెందుకంత చప్పుడు వచ్చిందో తెలియక సభ్యుడు వెనక్కి తిరిగి చూసి, సంతోషంగా నీళ్ళు తాగాడు.

ఓటింగులో చేతులు లేచాయి. తేడా పెద్దది కాదు. సభాపతి అన్నది ఆమె అంది: "అవునన్నవారి పక్షమే నెగ్గింది. నాలుగో క్లాజు ఆమోదం పొందింది."

వరండాలో మాస్టారు మంచినీళ్ళ గ్లాసు పట్టుకొచ్చాడు.  ఆమె అంది, "ఆ సామెత ఆయనది కాదు మాస్టారూ."

"ఎవరిదైతేనేం. తాగు."

ఇంతలో వెనక వరస సభ్యుడొకాయన, మీసాలు దూదిపింజల్లా ఉన్న ముసలాయన, ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు.

"దుబాసమ్మవి నువ్వేనా? ఇన్నాళ్ళూ గొంతే గాని మనిషిని చూళ్ళేదు. నాకు ఆ భాష ముక్క రాదమ్మాయ్. నీ చెవులే నా చెవులు." ఆయన నవ్వాడు. "నిజం చెప్తున్నా, పాత కేసులకు వద్దందామనే వచ్చాను. పసివాళ్ళు కదా, పోనీ పాపం అనుకున్నా. మొక్కై వంగనిది అన్నావు చూడు, మా నాయనమ్మ ఎదురుగా నిలబడి అన్నట్టుంది. అక్కడికి తేలిపోయింది. నేనూ, నా పక్కనున్న నలుగురూ చెయ్యెత్తేశాం. ఎంత బాగా చెప్పాడమ్మా ఆయన!"

"అవునండీ. బాగా చెప్పారు" అంది ఆమె.

నెగ్గిన తేడా ఎంతో, అందులో ఆ అయిదుగురు ఎంతో కూడికలు తీసివేతలు వేసుకునే ధైర్యం ఆమెకు లేకపోయింది.

ఆ ఆదివారం బాలల గృహానికి వెళ్ళింది. భర్త ఎప్పటిలాగే గేటు దాకా వచ్చి, "నువ్వు చూసి రా" అని బయటే ఉండిపోయాడు. లోపల పొడుగాటి హాలు, మధ్యలో నేలకు బిగించిన బల్లలు. ఎదురుగా కొడుకు కూర్చున్నాడు. జుట్టు కురచగా కత్తిరించారు.

"టీవీలో విన్నాం" అన్నాడు.

"ఎవరు పెట్టారు?"

"మా సారే. మీ గురించేరా, వినండి అని అందర్నీ కూర్చోబెట్టాడు. ఎవర్రా ఈవిడ, మన మీద ఇంత కక్ష కట్టింది అన్నాడొకడు. నేనేం మాట్లాళ్ళేదు."

"అది నా..." అని ఆగిపోయింది.

"తెలుసులేమ్మా. ఉద్యోగం." బల్ల మీద పెచ్చు ఊడిన రంగును గోటితో గీకాడు. "మధ్యలో ఆపేస్తావేమో అనుకున్నా."

"ఆపితే పక్కన మాస్టారు అందుకునేవారు. చట్టం ఆగేది కాదురా."

"నువ్వు ఆగేదానివి కదా."

 "ఆ సామెత ఆయన చెప్పలేదు నాన్నా. నేనే..." అంది.

"ఏ సామెత?"

వాడి మొహంలోకి చూసింది. నిజంగానే గుర్తులేదు వాడికి. "ఏం లేదులే" అంది.

"నన్ను ఎప్పుడు పంపిస్తారంట, పెద్దజైలుకి?"

"లాయరు గారు పిటిషను వేస్తానన్నారు." వేస్తాను గాని ఆశ పెట్టుకోకండి అన్నాడు లాయరు. రెండో సగం చెప్పలేదు.

వాడు తల ఊపాడు. నమ్మాడో లేదో తెలియదు. మూలనున్న గార్డు గడియారం చూసుకుని గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, చెప్పులు తెస్తావా ఈసారి? ఇవి కరుస్తున్నాయి."

"తెస్తా. ఎనిమిదేగా?"

"తొమ్మిది. ఇక్కడికొచ్చాక పెరిగింది."

ఆమె బల్ల కిందకు వంగి చూసింది. కాలివేళ్ళు చెప్పుల అంచు దాటి గచ్చు మీద ఆని ఉన్నాయి.