కుర్చీలో కూర్చుని వేడి పుడ్డింగు

డర్బన్‌లో ఏం చూడాలి, ఏం తినాలి అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ అవ్వ పెట్టిన వరసలోనే చెబుతాను. ముందు మసాలా మార్కెట్టు, తర్వాత బీన్స్ కూర నింపిన రొట్టె, చివరికి సముద్రం ఒడ్డున వేడి పుడ్డింగు. ఈ వరస మార్చడానికి నేను ఒప్పుకోను.

అవ్వ మా ఇంటి యజమానురాలు. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన మరుసటి ఏడాది ఇంజనీరు ఉద్యోగానికి గుంటూరు జిల్లా నుంచి వెళ్ళి, డర్బన్‌లోని ఆషర్‌విల్ పేటలో ఆవిడ ఇంటి వెనక గదిలో దిగాను. ఆవిడ తాతలు చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఆవిడకి మిగిలిన తెలుగు వంటింటి మాటలు, తిట్లు, చర్చి నుంచి వచ్చాక చేసుకునే ప్రార్థన. మిగతాదంతా ఇంగ్లీషు.

ఒకరోజు నన్ను పిలిచి, "బాబూ, నాకు పుడ్డింగు కావాల. బీచ్ టీరూమ్‌లో. చెయిర్ మీద కూకోని, హాట్‌గా" అంది.

"అంత దూరం ఎందుకవ్వా? వచ్చేటప్పుడు పొట్లం కట్టించి తెస్తాను" అన్నాను, ఏదో పెద్ద సాయం చేస్తున్నట్టు.

"పొట్లం నీ నెత్తిన పెట్టుకో" అంది.

అప్పుడు చెప్పింది. ఆవిడ చిన్నప్పుడు ఆ టీరూము తెల్లవాళ్ళకి మాత్రమే. కూరగాయలమ్మే వాళ్ళమ్మకి లోపలికి వెళ్ళే వీల్లేదు, పక్క గోడకున్న కిటికీలోంచి అమ్మేవారు. పళ్ళెం ఇచ్చేవారు కాదు, ఇంటినుంచి తెచ్చుకోవాలి. అక్కడి బెంచీల మీదా కూర్చోకూడదు. కూర్చునే చోటు వెతుక్కుంటూ నడిచేసరికి పుడ్డింగు చల్లారిపోయేది. డెబ్భై ఏళ్ళొచ్చినా అది వేడిగా ఎలా ఉంటుందో ఆవిడకి తెలియదు.

శనివారం పొద్దున్నే బయలుదేరాం. మార్కెట్టులో కారప్పొడులు రాశులు పోసి ఉన్నాయి. ఘాటెక్కువని ఒకదానికి అత్తగారి పేరు పెట్టారు. అవ్వ చిటికెడు నాలుక మీద వేసుకుని, "ఈ అత్తకి పళ్ళు లేవు" అని ముందుకు నడిచింది. పక్క వీధిలో సగం రొట్టె లోపల తొలిచి, కూర నింపి ఇచ్చారు. ఎలా తినాలో తెలియక పక్కనుంచి కొరికాను, పులుసంతా చొక్కా మీదికి వచ్చింది. ఆవిడ పైనున్న రొట్టె ముక్క తీసి కూరలో ముంచుకుని, ఒక్క చుక్క కారకుండా తినేసింది. నాకు కొంచెం ఒళ్ళు మండింది.

టీరూము ముందుకి వచ్చాక తలుపు తీసి పట్టుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే అవ్వ లేదు. పక్క గోడ దగ్గర నిలబడి ఉంది. కిటికీ ఎప్పుడో ఇటుకలతో మూసేశారు. ఆవిడ ఆ ఇటుకల ముందు సంచి పట్టుకుని, తన వంతు కోసం చూస్తోంది. చెయ్యి పట్టుకున్నాక గానీ తెలివి రాలేదు.

లోపల కుర్చీ అంచున కూర్చుని, సంచిలోంచి పింగాణీ పూత పెచ్చులూడిన పాత పళ్ళెం తీసి బల్ల మీద పెట్టుకుంది. పుడ్డింగు తెచ్చిన జూలూ అమ్మాయి దాన్ని చూసి, "గోగో, ఇదెందుకు?" అని ఇంగ్లీషులో మెల్లగా అడిగింది. వాళ్ళ భాషలో గోగో అంటే అవ్వే.

అవ్వ పళ్ళెం వైపు చూసింది. "పెట్టొద్దు అనుకున్నా. చెయ్యి పెట్టేసింది" అంది నాతో.

పుడ్డింగు మీద కస్టర్డు పొగలు కక్కుతోంది. "స్తోత్రం ప్రభువా" అనుకుని చెంచా నోట్లో పెట్టుకుంది. నాలుక కాలి కళ్ళలో నీళ్ళొచ్చినా ఆగలేదు. సగం తిన్నాక అడిగింది, "ఇండియాలో ఇట్టా కిటికీలు లేవు గదా బాబూ?"

లేవని చెప్పి తప్పించుకోవచ్చు. మా ఊరి టీకొట్టు బయట కొందరి కోసం చూరుకి వేలాడే గ్లాసులు గుర్తొచ్చాయి. వాళ్ళు బయటే తాగి, తామే కడిగి, మళ్ళీ తగిలించి వెళ్ళేవారు. చదువుకునే రోజుల్లో రోజూ చూశాను, ఒక్కరోజూ ఎవరినీ ఏమీ అడగలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అయినా ఆవిడకి అబద్ధం చెప్పకూడదనుకున్నాను.

"ఉన్నాయవ్వా. నేను లోపల కూర్చునేవాణ్ణి."

ఆవిడ గిన్నె అడుగు వరకూ గీరి తింది. పాత పళ్ళేన్ని సంచిలో పెట్టుకుంటూ, నా వైపు చూడకుండా అంది.

"ఈసారి ఊరికి పోయినప్పుడు ఆ బయటోళ్ళని లోపల కూకోబెట్టు. వేడిగా పెట్టు."