పలక ముక్కల రిమోట్

మా అక్క చేతిలో రిమోట్ ఉంటే ఇంట్లో ఇంకెవరికీ టీవీ మీద హక్కు ఉండేది కాదు. షుగర్ వల్ల చూపు పూర్తిగా పోయిన మనిషికి టీవీ ఎందుకని మొదట్లో బంధువులు అడిగేవాళ్ళు. ఆమె చూడదు, వింటుంది. పొద్దున భక్తి పాటలు, మధ్యాహ్నం పాత సినిమా, సాయంత్రం వార్తలు. వార్తలు చదివేవాళ్ళతో గొడవ కూడా పెట్టుకుంటుంది. "నిన్న ఒక మాట, ఈ పొద్దు ఒక మాట. నీకేమన్నా సిగ్గుందా?" అని మంచం మీద నుంచి ఆమె కేకేస్తే మా ఆవిడ వంటింట్లో నవ్వుకునేది.

అక్క మా ఊరు మార్కాపురంలోనే ఒక పలకల కార్ఖానాలో పాతికేళ్ళు పనిచేసింది. రాతి అంచులు అరగదీసి చెక్క చట్రం బిగించడం ఆమె పని. మా బావ చిన్న వయసులోనే పోతే ఆ పనితోనే బతికింది, నన్ను టీచర్ ట్రైనింగ్ దాకా చదివించింది కూడా ఆమే. చూపు పోయాక మాత్రమే మా ఇంటికి వచ్చింది, అదీ మూడుసార్లు బతిమాలితే.

ఆ రిమోట్ అక్క మీద ప్రేమతో తెచ్చానని స్కూల్లో అందరికీ చెప్పుకునేవాడిని. నిజం వేరు. ఒక ఆదివారం పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఛానెల్ మార్చమని నాలుగోసారి పిలిచింది. "నాకింకేం పని లేదనుకున్నావా?" అన్నాను. నాకు ముక్కు మీదే కోపం, అది దిగాక సిగ్గు. ఆ సిగ్గుతోనూ, ఇంకోసారి పిలవకుండా ఉంటుందన్న స్వార్థంతోనూ కలిపి ఆ రిమోట్ కోసం వెతికాను.

హైదరాబాదులో పాత సామాన్ల దుకాణంలో దొరికింది. టీవీకీ, డిష్ బాక్సుకీ, స్పీకర్లకీ కలిపి ఒకటే రిమోట్. కంప్యూటర్‌కు వైరుతో తగిలించి ఏ బటన్‌కు ఏ పనో నేర్పితే చాలు, ఒక్క నొక్కుకు టీవీ వెలిగి, బాక్సు వెలిగి, కావలసిన ఛానెల్ దానంతట అదే వస్తుంది. నాలుగు బటన్లకు నాలుగు పనులు నేర్పాను: పాటలకు ఒకటి, సినిమాకు ఒకటి, వార్తలకు ఒకటి, పక్క ఛానెల్‌కు పోవడానికి ఒకటి. ఏది ఏదో వేలికి తెలియాలి కదా. అక్కే పలక రాయి ముక్కలు తెమ్మని, వాటిని గచ్చు మీద రుద్ది, మూడు మూలలది ఒకటి, గుండ్రటిది ఒకటి, పొడుగాటిది ఒకటి, చదరంది ఒకటి చేసింది. చూపు లేకుండా చేసినా ఒక్క అంచు కూడా గరుకు లేదు. నేను గమ్ పెట్టి అతికించాను, అంతే. ఆ రోజు నుంచి ఆమె టీవీ కోసం ఎవరినీ పిలవలేదు.

చాలా ఏళ్ళు అట్లా గడిచాయి. ఈ మధ్య డిష్ వాళ్ళ మనిషి వచ్చి, పాత బాక్సులు ఇక పనిచేయవని కొత్తది పెట్టిపోయాడు. ఆ సాయంత్రం అక్క రిమోట్ నొక్కితే టీవీ వెలిగింది గానీ మాట రాలేదు.

"ఏంది తమ్ముడూ, గొంతు పోయిందా దీనికి?"

"కొత్త బాక్సు సంగతి దానికి నేర్పాలక్కా. రెండు రోజుల్లో చేసిస్తాలే" అన్నాను, ఏదో రోజూ చేసే పనైనట్టు.

ఆ ముక్కలు కొత్త బాక్సు రిమోట్ మీదే అతికించవచ్చు కదా అంది మా ఆవిడ. ప్రయత్నించాం. టీవీకి ఒకటి, బాక్సుకు ఒకటి. ఒకటి వెలిగి ఇంకొకటి ఆరిపోతే ఆ రెంటినీ కలపడం చూపున్నవాళ్ళకే తలనొప్పి. అక్క నాలుగు రోజులు ఓపిక పట్టి, "నాది నాకు బాగు చేసియ్యి నాయనా" అంది. ముక్కలు ఊడదీసి మళ్ళీ పాతదానికే అతికించాను.

రిమోట్‌కు పని నేర్పిన పాత కంప్యూటర్ ఎప్పుడో పాత ఇనుము వాడికి పోయింది. ఇప్పుడున్నది సన్నటి లాప్‌టాప్. రిమోట్‌కు కింద ఉన్న రంధ్రం ఏ ఫోన్ వైరుకూ సరిపోలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. బస్టాండు దగ్గర మొబైల్ దుకాణాలన్నీ తిరిగాను. "ఇది ఏ కాలంది సార్? ఇట్లాంటి పిన్ను ఇప్పుడెవురూ వాడటం లేదు" అన్నాడు ఒకతను. ఇంకొకతను వెతికి ఒక వైరు ఇచ్చాడు. అది కరెంటు మాత్రమే మోసేది, కబురు మోసేది కాదు. చివరికి గిద్దలూరులో పెళ్ళి ఫోటోలు తీసే నా పాత స్నేహితుడి దగ్గర దొరికింది. "కెమెరా చచ్చిపోయినా వైరు దాచి పెట్టినా. ఎందుకు దాచినానో నాకే తెల్వదు, తీసుకపో" అన్నాడు.

తగిలించగానే లాప్‌టాప్ టింగుమంది. చిన్నపిల్లాడిలా సంతోషపడ్డాను. కానీ పాత సాఫ్ట్‌వేర్ ఈ లాప్‌టాప్‌లో ఎక్కలేదు. కొత్తది ఎక్కించాక, అప్పట్లో పెట్టుకున్న పాస్‌వర్డ్ అడిగింది. అది గుర్తు తెచ్చుకోవడానికి రెండు సాయంత్రాలు పట్టింది. లోపలికి పోయి చూస్తే నేను అప్పుడు పెట్టిన పేర్లు అట్లాగే ఉన్నాయి. అక్క పాటలు, అక్క సినిమా, అక్క వార్తలు.

కొత్త బాక్సును చేర్చే ముందు రిమోట్ లోపలి ప్రోగ్రామ్ మార్చాలని, అది పూర్తయ్యే దాకా వైరు తీయవద్దని తెర మీద వచ్చింది. స్పష్టంగానే రాసి ఉంది. నేను చదివాను కూడా. ప్రశ్న రెండుసార్లు చదవండ్రా అని పిల్లలకు ముప్పయ్యేళ్ళుగా చెబుతున్నవాడిని.

పచ్చ గీత సగం దాకా పాకి ఆగిపోయింది. పావుగంట చూశాను. అరగంట చూశాను. కదల్లేదు. "అయిందా?" అని అక్క హాల్లోంచి అడిగింది. ఇంకాసేపటికి, "వార్తల టైమయింది" అంది. నా కోపం ఆమె మీద కాదు, ఆ గీత మీద. ఇన్ని రోజుల తిరుగుడంతా గుర్తొచ్చి వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. రిమోట్ ఒకసారి వెలిగి ఆరిపోయింది.

మళ్ళీ తగిలించాను. టింగుమనలేదు. బ్యాటరీలు తీసి పెట్టాను, కొత్తవి వేశాను, లాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అదంతా.

"అయిందా తమ్ముడూ?"

"అయింది" అన్నాను.

ఆ మాట ఎందుకు వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఒకసారి అన్నాక వెనక్కి తీసుకునే ధైర్యం లేకపోయింది. ప్రాణం లేని ఆ రిమోట్ అక్క చేతిలో పెట్టి, టీవీదీ బాక్సుదీ అసలు రిమోట్లు నా రెండు చేతుల్లో పట్టుకుని, ఆమె మంచం వెనక వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఆమె వేలు చదరం ముక్క మీద పడగానే నేను టీవీ వేసి, బాక్సు వేసి, వార్తల నంబరు కొట్టాను. అక్క మొహంలో నవ్వు కనిపించింది. బతికిపోయాననుకున్నాను.

అది రోజూ పని అయింది. పొద్దున, మధ్యాహ్నం మా ఆవిడ నిలబడేది, బడి నుంచి వచ్చాక నేను. "ఈ దొంగాట ఎన్నాళ్ళు? వదినతో నిజం చెప్పండి" అని ఆమె రోజూ గొణిగేది. ఇంకో పాత రిమోట్ దొరకగానే మార్చేస్తానని నేను అనేవాడిని. ఇంటర్నెట్‌లో వెతుకుతూనే ఉన్నాను కూడా. అక్క ముందు మాత్రం తేలు కుట్టిన దొంగలా తిరిగాను.

మూడు వారాలు గడిచాయి. ఒక శనివారం మా ఆవిడ దర్శిలో బంధువుల గృహప్రవేశానికి పొద్దున్నే వెళ్ళింది. పోతూ పోతూ భక్తి పాటలు పెట్టి వెళ్ళింది. నేను ఒంటిపూట బడి ముగించుకుని ఇంటికొచ్చేసరికి వీధిలోకి టీవీ వినిపిస్తోంది. పాటలు కాదు. పాటలు ఎప్పుడో అయిపోయి, అదే ఛానెల్లో ఎవడో మోకాళ్ళ నొప్పుల నూనె అమ్ముతున్నాడు. ఇప్పుడే ఫోన్ చెయ్యండి, ఇప్పుడే ఫోన్ చెయ్యండి అని అరుస్తున్నాడు. ఎంత సేపటి నుంచి అరుస్తున్నాడో.

అక్క మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. రిమోట్ ఒళ్ళో ఉంది, చేయి దాని మీద లేదు. నేను చెప్పులు విడిచి, మెల్లగా వెనక్కి వెళ్ళి, రెండు రిమోట్లూ అందుకుని నిలబడ్డాను. ఆమె నొక్కలేదు. చాలాసేపు చూశాను.

"సినిమా పెట్టుకోలేదేందక్కా?" అన్నాను చివరికి.

"నేను నొక్కితే మారాలంటే ఇంట్లో మీరుండాల గదా" అంది అక్క.

ఆమె గొంతులో కోపం లేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"మొదటి పొద్దే తెలిసింది. ముందు ఠక్కున వచ్చేది, ఇప్పుడు తడుముకోని తడుముకోని వస్తా ఉంది. అదిగాక నువ్వు నా ఎనకాల ఊపిరి బిగబట్టుకోని నిలబడతావు. ఇనపడదా నాకు?"

"మరి చెప్పొచ్చు కదా అక్కా, ఇన్ని రోజులూ..."

"ఏమని చెప్పేది? పొద్దంతా బడిలో నిలబడి వచ్చి మళ్ళా ఈడ నిలబడతా ఉంటివి. అందుకే ఊరికే నొక్కడం మానుకున్నా."

అప్పుడు గుర్తొచ్చింది. ఈ మూడు వారాల్లో ఆమె సాయంత్రం ఒకే ఒక్కసారి నొక్కేది. నచ్చని వార్తలొస్తే పక్క ఛానెల్‌కు పోయేది కాదు. వార్తల వాళ్ళను తిట్టడం కూడా మానేసింది. నేను దొరకలేదని సంతోషపడుతూ ఆ సంగతే గమనించలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

వైరు గుంజిన సంగతి చెప్పాను. ఇంకొకటి తెస్తానన్నాను, ఎక్కడున్నా సరే వెతికి తెస్తానన్నాను. "తెద్దువులే" అంది, ఒళ్ళో ఉన్నది తీసి పక్కన పెడుతూ. నూనెవాడు ఇంకా అరుస్తూనే ఉన్నాడు. ముందు వాడి నోరు మూయించి, "ఏం పెట్టమంటావక్కా?" అని అడిగాను.

"ఏదో ఒకటి పెట్టు నాయనా" అంది. "నీకు ఏది తొందరగా వస్తే అది."