వీర్రాఘవయ్య గారి ఆంబోతు, భ్రమరాంబ గారి మైక్రోస్కోపు

మొన్న ఆగిరిపల్లిలో ఓ పెళ్ళి భోజనాల దగ్గర, ఐస్‌క్రీం చేసే మనిషి స్టీలు క్యానులోంచి నైట్రోజన్ ద్రవం వంచి గిన్నెలో పోశాడు. తెల్లటి పొగ బల్ల మీంచి పొర్లి నా చేతి మీదుగా కిందికి జారింది. అందరూ ఫోన్లు ఎత్తి ఫోటోలు తీసుకుంటున్నారు. ఆ చలి తగలగానే నా ముక్కుకి మాత్రం పేడ వాసన వచ్చింది. ముప్ఫయ్యేళ్ళు అలాంటి క్యాను మోపెడ్ వెనక కట్టుకుని నూజివీడు చుట్టుపక్కల తోటలన్నీ తిరిగాను. మేలుజాతి ఆంబోతుల వీర్యం అందులో సన్నటి స్ట్రాలలో గడ్డకట్టి ఉంటుంది. ఎదకొచ్చిన ఆవుకి దాన్ని ఎక్కించడం నా ఉద్యోగం. ఊళ్ళో దాన్ని సూది అంటారు. ఈ ప్రాంతంలో పదివేల దూడలకి నేనే కారకుణ్ణి. పదివేలు కాదులెండి. ఎన్నో నాకు తెలీదు. తెలీదన్న ముక్క నా నోట పలికించిన మనిషి ఒకావిడ ఉంది. పలికించేలోపు నా ప్రాణం తోడేసింది.

డాక్టర్ భ్రమరాంబ గారు మా పశువుల ఆసుపత్రికి వచ్చేనాటికి నాకు యాభై దాటాయి, ఆవిడకి ముప్ఫై నిండలేదు. అప్పటిదాకా పల్లెల్లో నన్నే డాక్టరు గారూ అనేవాళ్ళు. నేను కాదనేవాణ్ణి కాదు. ఆవిడ వచ్చిన మొదటి రోజే ఒక గేదెని చూసి, "బాగా కాలిపోతోందండీ" అన్నాను. "ఎంత?" అంది. "చాలా." "చాలా అనే గీత థర్మామీటర్ మీద నాకెప్పుడూ కనపడలేదు కోటేశ్వరరావు గారూ. పెట్టి చూసి చెప్పండి." రోజూ ఇదే వరస. ఏమైందో చెప్పబోతే ఏం చూశారంటుంది. ఏం చూశానో చెప్పబోతే ఎక్కడ నుంచుని చూశారంటుంది. ఇంటికెళ్ళి మా ఆవిడతో, "ఈ పిల్ల నన్ను బతకనివ్వదు" అంటే, "మిమ్మల్ని అడిగేవాళ్ళు ఇన్నాళ్ళకి దొరికారు" అని ఆవిడ అన్నంలో నెయ్యి ఎక్కువ వేసుకుంది.

ఇక వీర్రాఘవయ్య గారు. చిన్నరసాల మామిడితోట ఆసామి. ఆయన దగ్గర ఒంగోలు ఆంబోతు ఒకటి ఉండేది. ఏనుగంత ఉండేది. ఏనుగంత కాదుగానీ, మూపురం నా తలకంటే ఎత్తు. చుట్టుపక్కల ఆవు ఎదకొస్తే ఆ తోటకే తోలుకెళ్ళేవాళ్ళు. పైసా తీసుకోడు పెద్దాయన. ఆంబోతు నుదుటికి పసుపు రాసి, మోపెడు పచ్చగడ్డి వేస్తే చాలు. తరవాత దూడ పుడితే తీసుకొచ్చి చూపించాలి. దాని వెన్ను నిమిరి, "మావాడి పోలికే" అనుకోవడమే ఆయన సంతోషం.

గుట్టు ఏమిటంటే, ఆ ఆంబోతు దాటిన ఆవు ఒక్కటీ చూడి కట్టేది కాదు. ప్రతివాడూ లోపం తన ఆవుదే అనుకుని, బయటికి చెప్పుకోలేక నా దగ్గరికి వచ్చేవాడు. నేను సూది వేసేవాణ్ణి. చూడి నిలిచేది. "పెద్దాయన మనసు కష్టపెట్టడం ఎందుకు, ఆంబోతుదే అని చెప్పండి" అని నేనే సలహా ఇచ్చేవాణ్ణి. అలా నా స్ట్రాలతో ఆ ఆంబోతుకి పేరు నిలబెట్టాను. పెద్దాయన మీద గౌరవంతో అనుకునేరు. ఏటా మా ఇంటికొచ్చే రసాల బుట్ట మీద గౌరవంతో.

నాంచారమ్మ ఆ తోటలోనే పనిచేసేది. ఆమెకున్నది ఒక్క పెయ్య. అది కట్టి ఉండేది కూడా పెద్దాయన కళ్ళెదుటే, ఆ తోటలోనే. మూడుసార్లు ఆంబోతుకి దాటించినా మళ్ళీ మళ్ళీ ఎదకొచ్చింది. చాటుగా సూది వేసే వీలులేదు. "ఏంటండీ డాక్టరు బాబూ దీని సంగతి?" అని ఆమె అడిగితే, పక్కనే పెద్దాయన నుంచుని ఉన్నాడు. "గర్భసంచి చిన్నదమ్మా. ఇది కట్టదు" అన్నాను. చెయ్యి పెట్టి చూడనైనా లేదు. ఆమె పెయ్య మెడ నిమురుతూ ఉండిపోయింది. ఆ శుక్రవారమే మైలవరం వైపు నుంచి కోతకి కొనుక్కుపోయే బేరగాడు వస్తాడని కబురు.

ఈ సంగతి ఆసుపత్రిలో భ్రమరాంబ గారి చెవిన పడింది. "సంచి చిన్నదన్నారట. ఎంత చిన్నది? వేళ్ళతో చూపించండి." చూపించాను. ఆవిడ రెండు కాగితాలు చదివి మళ్ళీ అడిగింది. ఈసారి నా వేళ్ళు ఇంకో కొలత చూపించాయి. ఆవిడ మైక్రోస్కోపు సంచిలో పెట్టుకుని, "పదండి" అంది.

తోటలో తనే పెయ్యని పరీక్ష చేసి, "సంచి నిక్షేపంలా ఉంది" అని చెప్పి, ఆంబోతు వీర్యం గొట్టంలో పట్టించింది. ఒక చుక్క గాజుపలక మీద వేసి ముందు నన్నే చూడమంది. చూశాను. అద్దంలోంచి వచ్చే వెలుతురు తప్ప ఏమీ లేదు. పెద్దాయన వెనకే ఉన్నాడు. "తిరునాళ్ళేనండీ, ఇసుక వేస్తే రాలడంలేదు" అన్నాను. ఆవిడ చూసింది. తరవాత నా క్యానులోంచి ఒక స్ట్రా తీసి, కరిగించి, రెండో పలక మీద చుక్క వేసింది. "మీరు చూడండి వీర్రాఘవయ్య గారూ. రెండూ చూడండి."

ఆయన చాలాసేపు వంగి చూశాడు. "ఇందులో పురుగుల్లా ఈదుతున్నాయి. అందులో ఏమీ లేవేంటమ్మా?"

"విత్తనంగా మారే కణాలు మొదట వృషణాల్లో పుట్టవండీ. దూడ తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడే వేరేచోట పుట్టి, పాకుతూ అక్కడికి చేరతాయి. దారిలో చావకుండా కాపాడటానికి కొన్ని జీన్లు, చేరినచోట నిలబెట్టడానికి కొన్ని. వాటిలో ఒకటి పనిచెయ్యకపోయినా కాపురానికి ఇల్లు కట్టి ఉంటుందిగానీ లోపల మనుషులుండరు. కొమ్ములు, మూపురం, కోరిక, అన్నీ మామూలే. దీనికీ అలా జరిగి ఉండొచ్చు. ఏ జీనో పెద్ద ల్యాబు వాళ్ళు చెప్పాలి, నాకు తెలీదు."

తెలీదని అంత తేలిగ్గా అనేసింది. నాకు ఒళ్ళు మండింది. డాక్టరై ఉండి అలా అంటే విలువేం ఉంటుంది?

పెద్దాయన ఇంకా పలకలకేసే చూస్తున్నాడు. "అయితే ఆ దూడలన్నీ ఎవరివి?"

ఆంబోతు గడ్డి నములుతోంది. భ్రమరాంబ గారు నావైపు తిరిగి, "చెప్పండి" అంది. చెప్పాను. ఎవరెవరి ఆవులకి వేశానో, ఏం చెప్పమన్నానో. వీర్రాఘవయ్య గారు తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఊళ్ళన్నీ నన్ను చూసి నవ్వుకున్నాయన్నమాట. ఎంత పని చేశావోయ్."

"మరి నా పెయ్యకి సంచి చిన్నదన్నారు గదండీ?" అంది నాంచారమ్మ.

"చూడలేదమ్మా."

"చూడకుండానే కోతకి పంపిద్దామనుకున్నారా?"

బేరగాణ్ణి రావద్దని పెద్దాయనే ఫోన్ చేయించాడు. పెయ్య మళ్ళీ ఎదకొచ్చినప్పుడు ఆయన కళ్ళెదుటే సూది వేశాను. ఆంబోతుని మాత్రం ఆయన అమ్మలేదు. "లోపం దానికి తెలీదుగా" అని, చచ్చేదాకా మేపాడు. మా ఇంటికి రసాల బుట్ట మళ్ళీ రాలేదు.

భ్రమరాంబ గారు అంతటితో వదల్లేదు. దూడలున్న ఇంటింటికీ నన్ను పంపి నిజం చెప్పించింది. ఎండలో తిరిగి తిరిగి చెబితే ఒక్కొక్కడూ, "మిగతావాళ్ళవి ఏమోగానీ, మాది మాత్రం ఆంబోతుదేనండీ" అన్నాడు. అబద్ధాన్ని నేను నాటితే వాళ్ళు కాపు కాయించారు.

మూడు నెలలకి పెయ్యని చూడటానికి వెళ్ళాం. మళ్ళీ ఎదకి రాలేదని నాంచారమ్మ మొహం వెలిగిపోతోంది. "మీరే చూడండి. చేతికి ఏం తగిలిందో అదే చెప్పండి" అంది డాక్టరమ్మ. చెయ్యి పెట్టి చాలాసేపు వెతికాను. అవునంటే ఆ పూటకి అందరం సంతోషంగా ఇంటికి పోతాం. నోటిదాకా వచ్చింది కూడా.

"లేదమ్మా. కట్టలేదు" అన్నాను.

నాంచారమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఇక అమ్మేస్తుందనుకున్నాను. "లేదని కూడా చెప్తున్నారుగా" అంది. "అయితే సంచి బాగుందన్న మాట కూడా నిజమే అయ్యుంటుంది. ఇంకోసారి వెయ్యండి."

ఎదకి రాగానే ఇంకోసారి వేశాను. నిలిచింది.

భ్రమరాంబ గారు బదిలీ మీద వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. నేను రిటైరయ్యాను, మోకాళ్ళు అరిగాయి. అయినా ఫోన్లు వస్తూనే ఉంటాయి. నిన్న ముసునూరు నుంచి ఒకాయన, "మా ఆవు చూడిదో కాదో ఫోన్లో చెప్పెయ్యండి, మీ అనుభవానికి అదెంత" అన్నాడు. పాతరోజుల్లో అయితే పుట్టేది కోడెదూడో పెయ్యదూడో కూడా చెప్పేసి కాఫీ తాగేవాణ్ణి. ఇప్పుడు మాత్రం "చూడకుండా నాకు తెలీదండీ" అని చెప్పి, ఆ పిల్ల డాక్టరుని తిట్టుకుంటూ, ఈ వయసులో మిట్టమధ్యాహ్నం ముసునూరు దాకా బండేసుకుని పోయాను.