కాళ్లవైపు చెక్క

వడ్రంగి ఎక్కడికెళ్లినా చెవిమీది పెన్సిలు తియ్యడు, దత్తత ఆఫీసుకైనా సరే. దరఖాస్తు పెట్టిన రోజే ఉయ్యాల చేశాడు. ఏడాదికోసారి అక్కడి మేడమ్, "ఇంకాస్త పెద్ద పిల్లలైనా ఫర్వాలేదని రాయండి, త్వరగా వస్తారు" అంటుంది. అతను తలూపి ఇంటికొస్తాడు. ఆ ఉయ్యాలనే మంచంగా మార్చి, ఏటా జానెడు పొడిగిస్తూ వచ్చాడు. ఈసారి మేడమ్, "ఎంతవరకు రాయమంటారు?" అంటే, "నాలుగున్నర అడుగులు" అన్నాడు. నవ్వే ఓపిక ఎవరికీ లేదు. "పదేళ్లని రాయండి మేడమ్," అంది భార్య. "ఈసారి తప్పకుండా వస్తారు," అంది మేడమ్. సాయంత్రం అతను మంచం మళ్లీ పొడిగించాడు. కాళ్లవైపు చెక్క బిగిస్తుంటే భార్య జిగురు డబ్బా తెచ్చింది.

"వద్దులే, స్క్రూలు చాలు," అన్నాడు. "మళ్లీ విప్పాలిగా."