నాలుగు పేజీల అర్జీ

ఆ అక్క ఇల్లు పోయింది బాడిగకిచ్చిన ఇంటాయన వల్ల కాదు, నా వల్ల.

ఎనభైల మొదట్లో తిరుపతి తాలూకా ఆఫీసు ముందు అర్జీలు రాసి బతికేవాణ్ణి. ఎదురుగా ఆమె ఇడ్లీలు అమ్మేది. కాగితం ముట్టుకోవాలంటే, చేతులు తడిగా లేకపోయినా సరే, కొంగుకు తుడుచుకునేది. మొగుడు మంచాన పడి మూడు నెలల బాడిగ నిలిచిపోయింది. శుక్రవారానికి ఖాళీ చేయమన్నాడు ఇంటాయన. అర్జీ పెట్టుకుంటే వర్తకుల ధర్మసంఘం వాళ్లు బాడిగకు సాయం చేసేవాళ్లు.

“బాడిగకు సాయం చెయ్యమని రాయి సాలు తమ్ముడా. ఇంటాయన్ను ఒక్క మాట కూడా అనొద్దు,” అనింది.

నాకా ఒళ్లు మండిపోతోంది. బడి మొహం చూడకుండా నేర్చుకున్న చదువును నలుగురికీ చూపించుకోవాలని దురద కూడా. ఇంటాయన్ను నెత్తురు తాగే జలగ అన్నాను, డబ్బున్నవాళ్ల ధర్మం దొంగధర్మం అన్నాను, నాలుగు పేజీలు నింపాను. ఆమెకు మాత్రం సాయం అడిగిన మొదటి రెండు వాక్యాలే చదివి వినిపించి వేలిముద్ర వేయించుకున్నాను.

సంఘం పెద్ద ఆమెను ఉత్త చేతులతో తిప్పి పంపాడు. “సాయం అడిగినట్టు లేదే, తగువుకొచ్చినట్టుండాది,” అన్నాడట. శుక్రవారం ఆమె మొగుణ్ణీ, ఇడ్లీ పాత్రలనూ ఒకే బండిలో ఎక్కించుకుని శ్రీకాళహస్తికి వెళ్లిపోయింది.

ఇంటాయన మీద నా కోపం ఈ ముసలితనంలోనూ చల్లారలేదు. కానీ ఆ నాలుగు పేజీలు రాసింది ఆయన కాదు.

ఆరేళ్ల తర్వాత శ్రీకాళహస్తికి పోయి, ఆమె ముందు నిలబడి, రాసిందంతా ఒప్పుకున్నాను.

“తెలుసులే తమ్ముడా, ఆ పొద్దే ఆ సంఘం పెద్దాయన సదివి వినిపించినాడు. కోపం నాకూ ఉన్నింది. దాన్ని మింగుకొని, ఇల్లు నిలుపుకుందామనే గదా నీకాడికొచ్చింది.”