తొమ్మిది గళ్ల వెలుగు

మా ఫిజిక్స్ మాస్టారు పోయారని నా స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. "గుండెనొప్పంట. పొద్దున్నే పోయారే" అని ఏడ్చింది. నేను మొదట అడిగింది, "నీకెవరు సెప్పారు?" అని. మాస్టారి భార్య ఆమెకే ఫోన్ చేశారట. ఏడుపు కంటే ముందు నాకు కుళ్లు వచ్చింది. ఆయన గురించి రాస్తూ ఆ సంగతి దాచలేను.

మాది కళింగపట్నం. అమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. మా ఇంట్లో కాలేజీ గుమ్మం ఎక్కిన మొదటి మనిషిని నేను. స్నేహితురాలి నాన్నగారు కోటబొమ్మాళిలో బడిపంతులు. క్లాసులో ఆమె చటుక్కున లేచి ప్రశ్న అడిగేది. నేను కాగితం మీద రాసుకుని, చివరికి అడక్కుండా ఊరుకునేదాన్ని.

మాస్టారి చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. ఏ వస్తువు వచ్చినా అట్టపెట్టె మీది అంకెను నమ్మేవారు కాదు. సెమినార్ గదికి కొత్త ప్రొజెక్టరు వచ్చినప్పుడూ అంతే. "మూడు వేల ల్యూమెన్లని పెట్టి మీద రాసేరు. మనం కొలిసి సూద్దాం" అన్నారు. కిటికీలు మూయించి, తెర మీద తెల్లటి ఖాళీ వెలుగు వేయించి, దారాలతో తొమ్మిది సమాన గళ్లు కట్టించారు. ఒక్కో గడి మధ్యలో వెలుగు కొలిచే లక్స్ మీటరు పెట్టి చూడాలి. తొమ్మిది అంకెల సగటును తెర వైశాల్యంతో గుణిస్తే ల్యూమెన్లు. సగటు ఆరు వందలు, తెర మూడు చదరపు మీటర్లు. పద్దెనిమిది వందలు తేలింది. మీటరు నా స్నేహితురాలికిచ్చారు. నాకు నోటుపుస్తకం ఇచ్చారు.

మర్నాడు భోజనాల వేళ నేనొక్కదాన్నే వెళ్లి కొలిచాను. నడిమి గడిలో ఎనిమిది వందలు. మూడుతో గుణించి మాస్టారి దగ్గరికి పరుగెత్తాను.

"ఆమె లెక్క తప్పండీ. ఇరవై నాలుగు వందలు."

"ఎన్ని గళ్లు సూసేవు?"

"నడుమొక్కటేనండీ. ఎండుసేపల రాశిలో మాయమ్మ నడుమే సెయ్యెట్టి సూస్తాది. నడుమ ఎండితే అంతా ఎండినట్టే గదండీ."

ఆయన నవ్వలేదు. సుద్దముక్క వేళ్ల మధ్య తిప్పుతూ కాసేపు ఆలోచించారు.

"రాశిలో ఆఖర్న ఎండేది నడుమ. తెర మీద ఎలుగు తగ్గేది మూలల్లో. మీయమ్మ కష్టమైన సోటు సూస్తాది. నువ్వు తేలికైన సోటు సూసేవు."

సిగ్గేసింది. కానీ చదువుకున్న మనిషి ఒకరు మా అమ్మ పనిని అంత శ్రద్ధగా ఆలోచించడం నేను చూడటం అదే మొదలు.

సంతాప సభ ఆ సెమినార్ గదిలోనే జరిగింది. అదే ప్రొజెక్టరుతో ఆయన ఫొటో వేశారు. ఇప్పుడు ఆ కాలేజీలోనే పాఠాలు చెబుతున్న నా స్నేహితురాలు మాట్లాడింది. మాస్టారు ఏటా వెలుగు కొలిచే పాఠాన్ని ఎండుచేపల రాశితో మొదలుపెట్టేవారంది. పిల్లలు తలలూపారు. ఆ చేపలు ఎవరివో ఆయన చెప్పలేదట. లేచి "మావి" అనాలనిపించింది. కూర్చునే ఉన్నాను. మీటరు కూడా ఆమె సంచిలోనే ఉంది. మాస్టారు తను రిటైరైన రోజున ఇచ్చారట.

అందరూ వెళ్లిపోతుంటే ఎవరో ఫొటో తీసేశారు. తెర మీద తెల్లటి ఖాళీ వెలుగు మిగిలింది.

"ఓపాలి మీటరియ్యే" అన్నాను.

నా స్నేహితురాలు సంచిలోంచి తీసి ఇచ్చింది. కింది ఎడమ మూలకు వెళ్లి, నా నీడ పడకుండా పక్కకు ఒంగి పట్టుకున్నాను.

"ఎంత?" అని వెనకనుంచి అడిగింది.

తిరిగి చూశాను. ఆమె ముందు బెంచీలో కూర్చుని, ఒళ్లో నోటుపుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని నా కోసం ఆగి ఉంది.