అక్క కార్డుకో పర్సు

బస్టాండు మెట్ల కింద, మనిషి నిటారుగా నిలబడితే తలకి తగిలే చోట, జిప్పులాయన కొట్టు ఉంది. కొట్టంటే పెద్దగా ఏమీ లేదు. ఒక బల్ల, ఒక కుట్టుమిషను, గోడ నిండా వేలాడే బ్యాగులు. ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుందని ఆయన భార్యకి తప్ప ఎవరికీ గుర్తులేదు. జిప్పు ఊడినా, పట్టీ తెగినా, పర్సు నోరు వెళ్ళబెట్టినా జనం ఆయన దగ్గరికే వస్తారు. ఆయన కుట్టిన పర్సు మడత దగ్గర ఎంత పల్చగా ఉంటుందంటే, జేబులో ఉందో లేదో తడిమి చూసుకోవాలి. మనిషన్నాక ఏదో ఒక గర్వం ఉండాలి. ఆయనకి ఆ పల్చదనం ఒక్కటే ఉంది.

ఆ విద్య అబ్బడానికి కారణం అక్క. తల్లి పోయాక, పద్నాలుగేళ్ళ పిల్ల ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పనిలో చేరి, తమ్ముణ్ణి బ్యాగుల మేస్త్రీకి అప్పగించింది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరికేదీ?" అనేది. ఇంకో ఏడాదిలో ఆ లాండ్రీ నుంచే రిటైరవుతుంది. తన జీతం తన చేత్తో తీసుకుని, తన చేత్తో ఖర్చుపెట్టిన మనిషి. ఎవరి ముందూ చెయ్యి చాచింది లేదు, ఎవరికీ లెక్క చెప్పిందీ లేదు.

అలాంటి మనిషికి దెబ్బ తగిలింది. పని దిగి బస్సెక్కితే ఒకటే రద్దీ. ఎవడో పక్కన నిలబడి, చంకలో దాచుకున్న చిన్న మిషను ఆమె చేతిసంచికి ఆనించాడు. కార్డు బయటికి తీసింది లేదు, నంబరు కొట్టింది లేదు. ఇప్పటి కార్డులు అంతేనట, మిషను దగ్గరికొస్తే చాలు, చిన్న మొత్తాలైతే అడక్కుండానే ఇచ్చేస్తాయి. మూడు బస్టాపుల్లో మూడుసార్లు డబ్బు పోయింది. పోయిన డబ్బు కంటే, పక్కనే నిలబడి తీశాడన్న మాట ఆవిణ్ణి కుంగదీసింది. బస్సెక్కాలంటే భయం పట్టుకుంది. ఈ వయసులో పనికి నడిచి వెళ్ళడం మొదలుపెట్టింది.

బ్యాంకు వాళ్ళు కొత్త కార్డు ఇచ్చారు. దాన్ని కవరుతో సహా తెచ్చి తమ్ముడి బల్ల మీద పెట్టింది.

"నీ దగ్గరే ఉంచరా. నంబరు కూడా చెబుతాను. ఎవరికీ చెప్పొద్దన్నారు గానీ, నువ్వు ఎవరో కాదుగా."

ఆరోజు నుంచి కొట్టు కట్టేశాక, ఏడు స్టాపులు అవతల ఉన్న అక్క గదికి రోజూ వెళ్ళి, ఆ కార్డుతో కావలసినంత డబ్బు తీసి చేతికిచ్చి వస్తున్నాడు. అంతకుముందు నెలకోసారి వెళితే గొప్ప. పని, ఇల్లు, పిల్లల చదువులు. సాకులకేం కరువు?

ఆవిడ మాత్రం అడిగినప్పుడల్లా ఎందుకో చెప్పేది. "సబ్బు అయిపోయిందిరా." "చెప్పు తెగింది." ఆ మాట వినగానే ఆయన గుండె కలుక్కుమనేది. తనని పెంచిన మనిషి తనకి సంజాయిషీ చెప్పడమా? కార్డు మళ్ళీ ఆవిడ చేతికి వెళ్ళాలి, భయం లేకుండా వెళ్ళాలి. దానికి ఆయనకి తెలిసిన దారి ఒకటే. పర్సు కుట్టడం.

లోహపు గుడ్డ కార్డు చుట్టూ ఉంటే మిషను దాన్ని చదవలేదని ఎవరో చెప్పారు. సన్నటి రాగితీగలతో నేసిన గుడ్డ వెతికి తెచ్చాడు. మంచి తోలు తీసి, లోపల ఆ గుడ్డ లైనింగ్ వేసి కుట్టాడు. పక్కన టీకొట్టు నడిపే అమ్మాయి దగ్గర డబ్బులు తీసుకునే మిషను ఉంది. అక్క కార్డు పర్సులో పెట్టి, ఒక టీ ధర కొట్టమన్నాడు. ముందువైపు ఆనిస్తే చప్పుడు లేదు. వెనకవైపూ లేదు. మడతవైపు తిప్పేసరికి మిషను కుయ్‌మంది.

"టీ తాగు బాబాయ్, డబ్బులొచ్చేశాయి," అంది ఆ అమ్మాయి.

పర్సు విప్పి చూసుకుని తల పట్టుకున్నాడు. మడత దగ్గర లైనింగ్ కత్తిరించి కుట్టాడు. లైనింగ్ మడతదాకా రానివ్వకూడదు, వస్తే పర్సు లావెక్కుతుందని మేస్త్రీ నేర్పిన మొదటి పాఠం అది. నలభై ఏళ్ళుగా చెయ్యి తనంతట తనే అలా కత్తిరించేస్తోంది. ఆయన మంచి పనివాడు కాబట్టే దొంగకి దారి మిగిలింది.

రెండో పర్సు కుట్టడానికి పది రోజులు పట్టింది. పట్టక ఏం చేస్తుంది, కత్తెర పట్టుకున్నప్పుడల్లా చేతితో తగువే. చివరికి లైనింగ్ మడత చుట్టూ తిప్పి, మూతి మీద కూడా రేకులా కప్పి కుట్టాడు. లావుగా, మొరటుగా, ఇటుకముక్కలా వచ్చింది. ఇంకెవరైనా కుట్టుంటే నలుగురిలో నవ్వేసేవాడు.

టీకొట్టు అమ్మాయి మిషను నాలుగువైపులా ఆనించింది. చప్పుడు లేదు. ఆయన మొహం చాటంతయింది.

"ఆగు బాబాయ్, కార్డు బయటికి తీసి ఆనించు. అసలు పనిచేస్తోందో లేదో."

తీసి ఆనించాడు. అప్పుడూ చప్పుడు లేదు. ఆ అమ్మాయి తన కార్డు ఆనిస్తే కుయ్‌మంది, అదే కార్డు పర్సులో పెడితే మిషను మూగబోయింది. అంటే పర్సు బాగానే ఉంది, అక్క కార్డే చచ్చింది. లోహపు గుడ్డలో నలిపి నలిపి పాడుచేశానా అని నిలువునా నీరైపోయాడు. వెలుగుండగానే కొట్టు కట్టేసి బస్సెక్కాడు.

అక్క మంచం మీద కూర్చుని ఉతికిన చీర మడతపెడుతోంది. తమ్ముడు చెప్పిందంతా విని, కొంగుతో నోరు మూసుకుని నవ్వింది.

"పాడవలేదురా. నేనే ఆపించాను. ఆనిస్తే డబ్బు పోకుండా ఆపమంటే, బ్యాంకులో ఒక్క నిమిషంలో ఆపేశారు. మిషన్లో పెట్టి నంబరు కొడితేనే పనిచేస్తుంది."

"బ్యాంకుకెప్పుడెళ్ళావు?"

"వారమైంది."

"అంత దూరం నడిచా?"

"బస్సులో. ఎన్నాళ్ళని నడుస్తాం? ఎవడో దొంగ ఎక్కాడని నా బస్సు వాడికి వదిలెయ్యనా?"

ఆయనకి సంతోషపడాలో కోపగించుకోవాలో తెలియలేదు. ఆ వారమంతా చేతులు పొక్కులెక్కేలా కుట్టింది గుర్తొచ్చి, కోపమే ముందొచ్చింది.

"మరి నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా అక్కా? కార్డు ఆరోజే ఇచ్చేసేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు," అంది అక్క. చీర అంచులు కలుపుతూ, తల ఎత్తకుండానే అంది. "కార్డు ఇచ్చేస్తే నువ్వు మళ్ళీ నెలకోసారే కదరా వచ్చేది."

డబ్బు ఇచ్చి వెళ్ళిపోవడానికే వస్తున్నాననుకున్నాడు ఆయన ఇన్నాళ్ళూ. ఆవిడ తన కోసమే సాయంత్రాలు కాచుకు కూర్చుందని, సబ్బూ చెప్పూ పేరుకేనని ఇప్పుడర్థమైంది. సిగ్గేసింది. ఇంత వయసొచ్చాక అక్క ముందు సిగ్గుపడటం ఎంత కష్టమో పడ్డవాళ్ళకి తెలుసు.

కార్డు పర్సులో పెట్టి, పర్సు అక్క ఒళ్ళో పెట్టాడు. ఆవిడ కాదనలేదు. తీసి దిండు కింద పెట్టుకుంది. ఇక ఇచ్చిపుచ్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"రేపు వస్తానక్కా."

"రేపేం పని?"

"పనేం లేదు. ఊరికే వస్తాను."

అక్క చీర పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకుంది.

"అయితే కాస్త పెందరాళే రా. భోంచేసి వెళుదువుగాని."